పెరడు లేని పడవ

గడ్డపోతారంలో కురిసిన వాన సముద్రానికి దగ్గరి దారిన పోదు. జిన్నారం వైపు కుంటలు నిండి, అలుగులు పారి, వాగులై నక్కవాగులో కలుస్తుంది. నక్కవాగు పోయి మంజీరలో పడుతుంది. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి ఆగ్నేయంగా వచ్చిన మంజీర, సముద్రం ఇటే కదా అనుకునేంతలో, మా ప్రాంతంలోనే ఉత్తరానికి మళ్లుతుంది. నిజాంసాగర్ దాటి కందకుర్తి దగ్గర గోదావరిని చేరుకుంటుంది. అక్కణ్నుంచి శ్రీరాంసాగర్, కాళేశ్వరం, భద్రాచలం, పాపికొండలు, ధవళేశ్వరం. ఆ తర్వాత పాయలుగా చీలి అంతర్వేది దగ్గర, యానాం దగ్గర బంగాళాఖాతం. మంజీర పొడవు 724 కిలోమీటర్లు, గోదావరిది 1,465. ఇంత దూరం నడిచే నీళ్లకు మొదటి అడుగు మా ఊరి అలుగు మీద పడుతుంది.

ఆ మొదటి అడుగు దగ్గరే నా ఉద్యోగం. మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలో వాడేసిన నీళ్లను శుద్ధి చేసే విభాగం. మేమంతా ఈటీపీ అంటాం. రియాక్టర్లు కడిగిన నీళ్లు, ఉప్పు ఎక్కువున్నవి ఒక ట్యాంకులోకి, తక్కువున్నవి మరో ట్యాంకులోకి వస్తాయి. గంటగంటకు రీడింగులు తీసి లాగ్‌బుక్‌లో రాస్తాం. పీహెచ్ ఎంత, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) ఎంత, సీఓడీ (రసాయన మలినాల కొలత) ఎంత, లోపలికి ఎన్ని కిలోలీటర్లు వచ్చాయి, ఎన్ని తిరిగి వాడకానికి పోయాయి. షిఫ్టు మారితే సంతకం పెట్టి పుస్తకం ఇంకొకరికి అప్పగిస్తాం. మేం రాసిన అంకె వెనకాల ఉన్న నీళ్లు ఆ తర్వాత ఎవరి జీవితంలోకి పోతాయో పుస్తకంలో రాసే గడి ఉండదు.

షిఫ్టుల్లో బతికేవాళ్లకు సెలవంటే మొదట నిద్ర. తర్వాత, దేనికీ లెక్క చూసుకోనక్కర్లేని చోటు. ఎంత కావాలంటే అంత తిండి, తిప్పగానే వచ్చే వేడి నీళ్లు, ఎవరో మార్చే దుప్పట్లు. ఏడాదంతా కొలతల మధ్య నలిగినవాళ్లు అలాంటి నాలుగు రోజులు కోరుకోవడంలో తప్పేమీ లేదు. నాకు మాత్రం చాలా ఏళ్లలో మనసు నిజంగా కుదుటపడిన సెలవు దానికి పూర్తిగా విరుద్ధమైన చోట దొరికింది. అడుగడుగునా కొలత ఉన్న చోట, మగ్గుడు నీళ్లకు కూడా లెక్క ఉన్న చోట. ఒకప్పుడు మా ప్లాంటులో నాకు పని నేర్పిన సీనియర్ ఒకాయన రిటైరై విశాఖలో స్థిరపడ్డారు. ఇద్దరు మిత్రులతో కలిసి ఓ చిన్న తెరచాప పడవ కొనుక్కున్నారు. మాఘమాసంలో సముద్రం నెమ్మదిగా ఉంటుంది, రమ్మన్నారు. వెళ్లాను.

పడవ పొడవు 28 అడుగులు. ఫైబర్‌తో చేసిన ఒళ్లు, ఒకటే తెరచాప కొయ్య, రెండు తెరచాపలు, అవసరానికి చిన్న డీజిల్ ఇంజిన్. లోపల నిలబడితే తల తగులుతుంది. నలుగురు పడుకునే బల్లలు, ఒంటి బర్నరు పొయ్యి, ఐసు వేసుకునే పెట్టె, చేత్తో పంపు కొట్టాల్సిన మరుగుదొడ్డి. పడవ మొత్తానికీ మంచినీళ్లు 150 లీటర్లు. కరెంటు అంతా పైన పరిచిన సోలార్ పలక నుంచి ఒక బ్యాటరీలోకి. ఎక్కగానే సార్ నాకు చూపించినవి ఈ నాలుగే: నీళ్ల ట్యాంకు ముల్లు, బ్యాటరీ ముల్లు, చెత్త సంచి, మరుగుదొడ్డి కింద నిల్వ డబ్బా. "నువ్వు ఈటీపీ మనిషివి కదా, ఈ డబ్బా సంగతి నీకే అప్పగిస్తున్నా" అన్నారు. ఆయన మాటలో నా మీద నమ్మకమే ఉంది.

ఫిషింగ్ హార్బర్ దాటి, వెనక డాల్ఫిన్ నోస్ కొండను వదిలి, ఈశాన్యంగా భీమిలి వైపు సాగాం. రోడ్డు మీద పాతిక కిలోమీటర్ల దూరం. కారులో గంట పట్టదు. మాకు పగలు సగం పట్టింది. పొద్దున నేల మీదినుంచి వచ్చే చల్లగాలి పలచగా ఉంది. ఎండ ఎక్కేకొద్దీ అది తగ్గి, కాసేపు తెరచాపలు వేలాడిపోయాయి. మధ్యాహ్నానికి గాలి సముద్రం మీదినుంచి తిరిగింది. ఎండకు నేల త్వరగా కాగుతుంది, నీళ్లు నెమ్మదిగా కాగుతాయి. కాగిన నేల మీది గాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. రాత్రికి ఇదంతా తిరగబడుతుంది. బడిలో చదువుకున్న పాఠమే. కానీ వేలాడుతున్న తెరచాప ఒక్కసారి నిండి, పడవ ఓ పక్కకు ఒరిగి, చుక్కాని పట్టుకున్న చేతికి ఆ బరువు తెలిసినప్పుడు పాఠం ఒంట్లోకి దిగుతుంది. రుషికొండ, తొట్లకొండ, ఆ తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. రోడ్డు మీదినుంచి విడివిడిగా చూసినవన్నీ సముద్రం మీదినుంచి ఒకే వరసలో కనిపించాయి. ఒడ్డు అన్నది ఒకే ముక్క అని నాకు అప్పుడే తెలిసింది.

మాతో జాలరిపేట నుంచి వచ్చిన అన్న ఒకాయన ఉన్నాడు. చిన్నప్పట్నుంచి వేటకు పోయిన మనిషి. హార్బర్ దగ్గర తిన్న పళ్లేలు కడగబోయి నేను బకెట్ కిందికి వేయబోతే చెయ్యి పట్టుకున్నాడు. "ఇక్కడ కాదు బాబూ, ఈ నీళ్లు పళ్లేనికి పనికిరావు. ఒడ్డుకి దూరం పోనీ" అన్నాడు. కొన్ని మైళ్లు దాటాక నీటి రంగు ఆకుపచ్చ నుంచి నీలానికి మారింది. అప్పుడు బకెట్ వేసి తోడాడు. కొబ్బరి పీచుతో ఉప్పునీళ్లలో తోమడం, ఉప్పునీళ్లలోనే రెండుసార్లు ముంచడం, చివర్లో మంచినీళ్లు గ్లాసుడు పోసి పళ్లేల మీదుగా ఒకదాన్నుంచి ఒకదానిలోకి జార్చడం. నలుగురి పళ్లేలకూ అదే గ్లాసు. అంతటి పొదుపు నేను ఏ ప్లాంటులోనూ చూడలేదు. మొదటి కడుగు నీళ్లు వేరు, చివరి కడుగు నీళ్లు వేరు అని మేం ట్రైనింగులో చెప్పే సూత్రాన్నే ఆయన పాటిస్తున్నాడు. ఎవరూ ఆయనకు స్లైడ్లు వేసి చూపించలేదు.

చెత్త సంచి సంగతీ అంతే. ప్లాస్టిక్ ఏదీ నీళ్లలో పడకూడదు. ఓడలనుంచి ప్లాస్టిక్ పారేయడాన్ని ప్రపంచమంతటా నిషేధించిన ఒప్పందం 1988 చివర్లో అమల్లోకి వచ్చింది. మా పడవలో ఆ నిబంధన కాగితం మీద కాక, కూర్చునే చోటికి మూరెడు దూరంలో కట్టిన సంచి రూపంలో ఉంది. పాల ప్యాకెట్, బిస్కెట్ కవరు, బ్యాటరీ, అన్నీ అందులోకే. ఎండకు వాసన వస్తే అది మన వాసనే. సంచి ఉబ్బుతుంటే మర్నాడు మనం ఏం విప్పాలో ఆలోచించి విప్పుతాం. ఇంటి దగ్గర చెత్తకు పెరడుంటుంది, వీధి చివర కుప్ప ఉంటుంది, ఊరి చివర గుట్ట ఉంటుంది. పడవకు పెరడు లేదు. నేను పారేసింది నా పక్కనే కూర్చుంటుంది.

భీమిలి దగ్గర లంగరు వేశాం. లంగరు దాని బరువుతోనే పడవను పట్టి ఉంచుతుందని అంతవరకు అనుకునేవాణ్ని. అసలు పట్టు దాని కొస ఇసుకలో దిగబడడంలో ఉంది. గొలుసు నేలబారుగా సాగితేనే కొస లోపలికి దిగుతుంది. నిట్టనిలువుగా లాగితే ఊడి వచ్చేస్తుంది. అందుకే నీళ్లు ఎంత లోతుంటే దానికి కనీసం ఐదింతలు గొలుసు వదలాలి. ఐదు మీటర్ల లోతుకు పాతిక మీటర్లు. వదిలాక ఇంజిన్ వెనక్కి నడిపి, గొలుసు బిగిసిందా, పడవ ఆగిందా అని చూస్తారు. జాలరన్న అంతటితో తృప్తి పడలేదు. భీమిలి లైట్‌హౌసును దాని వెనక ఓ కొబ్బరిచెట్టుతో, పావురాలకొండ మీది నరసింహస్వామి గుడిని ముందున్న ఓ ఇంటి కప్పుతో జత కలిపి చూసుకున్నాడు. ఆ రెండు జతలూ కలిసే ఉంటే పడవ జరగనట్టు. విడిపోతే లంగరు జారుతున్నట్టు. వేటలో చేపలుండే తావుల్ని కూడా ఇలాగే గుర్తుపెట్టుకుంటారట. రాత్రి వంతులు వేసుకుని లేచి చూశాం. నా వంతులో చీకట్లో గుడి దీపం, కింద వీధి దీపం ఒకదాని కింద ఒకటి నిలిచి ఉన్నాయి. రాత్రి షిఫ్టులో నిద్ర ఆపుకుని ముల్లు చూడడం నాకు కొత్త కాదు. కానీ ఆ రాత్రి చూసిన రీడింగు నలుగురి ప్రాణాలకు నేరుగా సంబంధించింది. జవాబు కూడా అప్పటికప్పుడే దొరికింది. చూసి వచ్చి హాయిగా నిద్రపోయాను.

తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి. తెరచాప పడవ ఎదురుగాలిలోకి నేరుగా పోలేదు. గాలికి దాదాపు 45 డిగ్రీల ఏటవాలుగా ఓసారి సముద్రం వైపు, ఓసారి ఒడ్డు వైపు మళ్లుతూ ఎక్కాలి. పొద్దున చూసిన దిబ్బే మధ్యాహ్నం కూడా పక్కన కనిపించింది. ఆవిరి కావాలంటే వాల్వు తిప్పే అలవాటున్న నాకు, అడిగితే రానిది ఒకటుందని, దానికి తగ్గట్టు మనమే మళ్లాలని ఆ గాలి నేర్పింది. సాయంత్రం గాలి ముదిరితే సార్ తెరచాపను కిందికి దించి, సగం మడిచి కట్టేశారు. "తగ్గించాలా వద్దా అని అనుమానం వచ్చిందంటే అప్పటికే తగ్గించేసి ఉండాలి" అన్నారు. మా ప్లాంటులో కూడా ఆయన ఇలాగే ఉండేవారు. ట్యాంకు నిండేదాకా ఆగేవారు కాదు.

ఇంత పనిచేసి, ఇంత కొలుచుకుని, దీన్ని సెలవని ఎలా అంటాను? నాకు దొరికిన జవాబు ఇది. మనిషిని అలసటపెట్టేది పని కన్నా ఎక్కువగా, చేసిన పని ఎక్కడికి పోయి తేలుతుందో తెలియకపోవడం. వాడిన నీళ్లు ఎటు పోయాయి, వేసిన చెత్త ఎవరి గుమ్మం ముందు పడింది, రాసిన అంకె నిజంగా ఎవరికి మేలు చేసింది అన్న ప్రశ్నలు మనసు అడుగున ఊరుతూనే ఉంటాయి. చిన్న పడవ మీద ఆ ప్రశ్నలకు తావుండదు. తాగిన నీళ్లు ట్యాంకు ముల్లులో కనిపిస్తాయి. వెలిగించిన దీపం బ్యాటరీలో కనిపిస్తుంది. కారణానికీ ఫలితానికీ మధ్య చెయ్యి చాచినంత దూరం. అంత దగ్గరగా బతకడంలో గొప్ప విశ్రాంతి ఉంది.

పడవ ఎంత పెద్ద ప్రయాణం చేసినా ఈ సూత్రం మారదు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వీ తారిణి బయల్దేరింది. 55 అడుగుల తెరచాప పడవ, ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు. వర్తికా జోషి నాయకురాలు. ప్రతిభా జామ్వాల్, ఎస్. విజయాదేవి, పాయల్ గుప్తాలతో పాటు మన తెలుగువాళ్లు ఇద్దరున్నారు: విశాఖకు చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి. ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవుల్లో ఆగుతూ, దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్‌ను చుట్టి, చివర్లో చుక్కాని యంత్రాంగం మొరాయిస్తే మారిషస్‌లో బాగుచేసుకుని, 2018 మే 21న గోవా చేరారు. దాదాపు 21,600 నాటికల్ మైళ్లు, 254 రోజులు. సాహసయాత్ర చేశారని వాళ్లను మనం మెచ్చుకున్నాం, మెచ్చుకోవాల్సిందే. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ యాత్ర లక్ష్యాల్లో రాసి ఉన్న మరో మాట. వాతావరణం, అలల వివరాలు సేకరించడంతో పాటు నడిసముద్రంలో కాలుష్యాన్ని గమనించి నివేదించడం కూడా వాళ్ల పనే. మనుషులుండే ఒడ్డుకు వందల మైళ్ల దూరాన కూడా ఒడ్డు మీది మనుషుల గుర్తులు వెతకాల్సి వస్తోంది. హైదరాబాదు అమ్మాయి నడిసముద్రంలో చుక్కాని పట్టిందంటే, సముద్రం మాకు దూరం అనే మాట ఇక మేం అనకూడదు.

దూరం అనే మాట మన పెద్దలు కూడా అనలేదు. ఓరుగల్లు నుంచి పాలించిన కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉంది ఆ ఊరు. తుపానుకు చిక్కి, పగిలి, మన తీరానికి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును అంతకుముందు రాజులు మొత్తం లాగేసుకునేవారు. ఇకమీదట అలా జరగదని, నిర్ణీత సుంకం తప్ప వేరేదీ తీసుకోబోమని గణపతిదేవుడు సముద్ర వర్తకులకు మాట ఇచ్చాడు. నేల నడుమ కోటలో కూర్చున్న రాజు, తాను ఎన్నడూ చూడని నావికుల పట్ల తన బాధ్యతను రాతి మీద రాయించాడు. వర్తకం పెరగాలన్న లెక్క అందులో ఉండొచ్చు. అయినా, నడినేల మీద ఉన్నవాడు సముద్రం మీద ఉన్నవాడికి జవాబుదారీ అన్న ఆలోచన తెలుగు నేల మీద దాదాపు 780 ఏళ్ల కిందటే ఉంది.

మా పటాన్‌చెరు, బొల్లారం, గడ్డపోతారం ప్రాంతం ఆ ఆలోచనకు చాలాకాలం దూరంగా బతికింది. 1970ల చివర్నుంచి ఫ్యాక్టరీలు వచ్చాయి, ఉపాధి వచ్చింది, నాలాంటి వేలమందికి అన్నం దొరికింది. శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ఇళ్లు కట్టుకున్నారు. కుంటలు మాత్రం రంగు మారాయి. బోరు నీళ్లు నోట పెట్టలేనివయ్యాయి. పొలాలు పోగొట్టుకున్న రైతుల గోడు 1990లోనే సుప్రీంకోర్టు దాకా పోయింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి ఫలితం ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. మందుకు లొంగని సూక్ష్మజీవులు పుట్టడానికి అంతకు మించిన చోటు ఉండదు. అలా పుట్టినవి ఏ సరిహద్దు దగ్గరా ఆగవు. 31 అన్నది ఓ అంకె. అది ఏ ఊరి పిల్లవాడి జ్వరంలోకి పోతుందో మా లాగ్‌బుక్‌లో గడి లేదు.

ఆ తర్వాత మార్పు వచ్చింది. ఇప్పుడు చాలా ఫ్యాక్టరీల్లో జీరో లిక్విడ్ డిశ్చార్జ్, అంటే ద్రవ వ్యర్థాన్ని చుక్క కూడా బయటికి వదలని పద్ధతి ఉంది. ఉప్పునీళ్ల నుంచి ముందు సాల్వెంట్ లాగి, ఆవిరితో నీటిని ఒకదాని తర్వాత ఒకటిగా కాగులలో ఇగిరించి, చివర మిగిలిన చిక్కటి ద్రవాన్ని పొడి ఉప్పుగా ఆరబెట్టి, ఆ ఉప్పును దుండిగల్ దగ్గరి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపుతారు. ఇగిరిన నీరు చల్లబడి మళ్లీ కూలింగ్ టవర్‌కు పోతుంది. ఇది నేను రోజూ చేసే పని, దీని విలువ నాకు తెలుసు. పడవ సూత్రం వైపు మా ప్లాంటు వేసిన మొదటి అడుగు ఇది. అయితే ఆ సున్నా మా కాంపౌండు గోడ దాకానే సున్నా. ఆవిరి కోసం కాల్చిన బొగ్గు పొగ గాలిలో ఉంటుంది, బూడిద ఓ చోట ఉంటుంది, ఉప్పు దుండిగల్ నేలలో ఉంటుంది. పడవ మీదినుంచి చూస్తే అవన్నీ ఇంకా మన పక్కనే ఉన్నాయి. అందుకే చివర్లో ఎంత శుద్ధి చేశామన్న దానికంటే మొదట్లో ఎంత తక్కువ వాడామన్నది ముఖ్యం. నాలుగు పళ్లేలకు ఒక గ్లాసు. రియాక్టర్ కడిగే తీరులో ఆ జాలరన్న పద్ధతి వస్తే, నా ట్యాంకులోకి వచ్చే నీళ్లే తగ్గుతాయి. వాటిని ఇగిరించడానికి కాల్చే బొగ్గు కూడా తగ్గుతుంది. తిరిగొచ్చాక మా షిఫ్టు వాళ్లతో ఈ మాటే మాట్లాడుతున్నాను. కొందరు వింటున్నారు, చేసి చూస్తున్నారు.

ఇలాంటి సెలవు డబ్బున్నవాళ్లకే అనుకోవద్దు. 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ మీద బస్తీల పిల్లలకు తెరచాప నడపడం నేర్పుతోంది. వాళ్లు ఎక్కేవి ఆప్టిమిస్ట్ అనే బుల్లి పడవలు. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ పిల్లల కోసమే గీసిన నమూనా, పొడవు 2.3 మీటర్లు. రసూల్‌పురా బడి నుంచి వచ్చిన ప్రీతి కొంగర అక్కడే నేర్చుకుని దేశం తరఫున ఆసియా క్రీడల దాకా వెళ్లింది. ఎన్నో ఏళ్లు నాలాల మురుగు మోసిన ఆ చెరువు మీదే ఆ పిల్లలు గాలిని చదవడం నేర్చుకున్నారు. పడవ బోల్తా పడితే ఆ నీళ్లలోనే మునిగి లేచారు. నీళ్లు ఎలా ఉన్నాయో వాళ్లకు ఎవరూ నివేదిక ఇవ్వనక్కర్లేదు. మంజీర మీద సింగూరు జలాశయం మాకు దగ్గరే. గడ్డపోతారం కార్మికుల పిల్లల కోసం అక్కడ ఓ పదిపన్నెండు బుల్లి పడవలు, నేర్పేవాళ్లు ఇద్దరు, ఏటా కొన్ని సెలవు రోజులు. ఫ్యాక్టరీలు సామాజిక బాధ్యత పేరుతో ఖర్చుపెట్టే డబ్బులో ఇది చిన్న వాటా. తాము తాగే నీళ్ల మీద, తమ నాన్న పనిచేసే చోటి నీళ్లు చేరే నది మీద చేత్తో చుక్కాని పట్టిన పిల్లలు పెద్దయ్యాక ఇంజినీర్లూ మేనేజర్లూ అయితే, అలుగు దాటాక నీళ్లు ఎటు పోతాయని అడగకుండా ఉండరు.

సముద్రం మీద గడిపిన సెలవు నాకు ఇచ్చింది ఈ అడిగే అలవాటే. మంజీర మలుపు తిరిగినా, గోదావరి ఎంత పొడవున్నా, చివరికి లెక్క అందేది భీమిలి జాలరికీ, యానాం జాలరికీ, ఎక్కడో నడిసముద్రంలో తెరచాప సర్దుకుంటున్న అమ్మాయికీ. వాళ్ల దాకా పోయి తేలాల్సిన లెక్క కాదిది. మా షిఫ్టులో, మా అలుగు ఇవతలే దాన్ని తేల్చడం మా వల్ల అయ్యే పని. చేసి తీరాల్సిన పని.